పిన్ని పిన్‌బాల్

కుక్కరున్న ఇల్లాలికి గాస్కెట్టు బాధ తెలియకుండా వుండదు. కుక్కరు రాయిలా వుంటుంది. పెళ్లిలో పెట్టిందైనా ఇంకో పాతికేళ్లు నడుస్తుంది. గాస్కెట్టు మాత్రం సాగిపోతుంది. కొట్టుకి వెళ్తే "ఆ మోడల్ ఎప్పుడో ఆపేశారు మేడమ్, కొత్తది తీసుకోండి" అంటాడు. మా అత్తగారి నాటి మిక్సీ జారుకి బుష్షు కావలసి వచ్చి నేను కోఠీలో మొదలుపెట్టి ట్రూప్ బజారు దాకా కొట్టు కొట్టూ తిరిగాను. మావారు "ఆ ఆటోల డబ్బు పెడితే కొత్త మిక్సీ వచ్చేది" అన్నారు. రాదు. ఏదో మాట వరసకి అంటారు.

అందుకని, కిందటేడు దసరాలకి చికాగో పక్కన వుండే మా పిన్ని ఇంటికి వెళ్లినప్పుడు, ఆవిడ ఫోను పట్టుకుని "అది కాదండీ, అంతకన్నా పాతది కావాలి" అని ఇంగ్లీషులో ఎవరినో బతిమాలుతూ కనిపిస్తే నాకేమీ వింత అనిపించలేదు. గ్రైండరు పాడయింది కాబోలనుకున్నాను. ఫోను పెట్టేశాక అడిగితే, "గ్రైండరు కాదే, పిన్‌బాల్ మిషను" అంది. 74 ఏళ్ల పిన్ని!

పిన్‌బాల్ పేరు తెలియకపోయినా మీరు ఇంగ్లీషు సినిమాల్లో చూసే వుంటారు. నాలుగు కాళ్ల బల్ల, పైన అద్దం. బల్ల ఆడేవాళ్ల వైపుకి కొంచెం వాలుగా దిగి వుంటుంది. కుడిచేతి పక్కనున్న స్ప్రింగు పిడి లాగి వదిలితే ఇనప గుండు పైకి దూసుకుపోయి, అక్కణ్ణించి కిందికి దొర్లుకుంటూ, దారిలో వున్న బుడిపెల్నీ రబ్బరు కట్లనీ గుద్దుకుంటూ వస్తుంది. గుద్దుకున్నప్పుడల్లా దీపం వెలుగుతుంది, గంట మోగుతుంది, ఎదురుగా నిలబెట్టిన బొమ్మల అద్దంలో అంకెలు తిరుగుతాయి. గుండు జారి అడుగున వున్న గోతిలో పడబోతుంటే పక్కనున్న బొత్తాలు నొక్కాలి. రెండు చిన్న రెక్కలు లేచి దాన్ని మళ్లీ పైకి తంతాయి. ఫ్లిప్పర్లంటారు వాటిని. తన్నలేకపోయామా, గుండు పోయినట్టే. ఇంతే ఆట.

1986లో పిన్నీ బాబాయీ ఆ ఇల్లు కొన్నప్పుడు దాంతోపాటే వచ్చిందట ఆ మిషను. పాత యజమాని ముసలాయన. మిషను బరువు వంద కిలోల పైమాటే. బేస్‌మెంట్‌లోంచి మెట్లెక్కించి పైకి తేవడం తనవల్ల కాదనీ, పిల్లలున్నారు కదా ఆడుకుంటారనీ చెప్పి వదిలేసి పోయాడు. పిల్లలు ఆడుకున్నారు. పదేళ్లు ఆడుకున్నాక ఒకరోజు అది మూగదైపోయింది. అప్పణ్ణించీ దానిమీద దుప్పటి పరిచి సూట్‌కేసులు పెట్టారు, ఆవకాయ జాడీలు పెట్టారు, ఒక ఏడాది బొమ్మల కొలువు కూడా పెట్టారు. వాలు బల్ల కదా, బొమ్మలు జారిపోతుంటే ముందు కాళ్ల కింద టెలిఫోను డైరెక్టరీలు ఎత్తు పెట్టారట.

బాబాయి పోయి రెండేళ్లయింది. పిన్ని కొడుకు, మా తమ్ముడు, డల్లాస్‌లో వుంటాడు. ఇల్లు అమ్మేసి తన దగ్గరికి వచ్చెయ్యమని వాడి పోరు. "ముందు ఆ బేస్‌మెంట్ ఖాళీ చెయ్యమ్మా. ఆ చెక్కపెట్టె తీసుకుపోవడానికి మనమే ఎదురు డబ్బిచ్చుకోవాలి" అన్నాడట. "అది పని చేశాక మాట్లాడదాం" అంది పిన్ని. "దానికి పార్టులు దొరకవమ్మా." "దొరక్కపోతే అప్పుడు చూద్దాం."

వాడు నాతో, "అక్కా, నువ్వు నాలుగు వారాలుంటావు కదా, నువ్వన్నా చెప్పు. అదొక వంక పెట్టుకుని కూర్చుంది" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ముప్పయ్యేళ్ల పైన వున్న ఇల్లు వదలబుద్ధి కాక ఒక వంక. మా ఇంట్లో పిన్ని అంటే అమెరికాలో ఆఫీసు వుద్యోగం చేసిన పిన్ని. మా అమ్మ గాజు బీరువాలో ఆ ఫోటో ఇప్పటికీ వుంది. పిన్ని చీర కట్టుకుని, పెద్ద బల్ల ముందు, చేతిలో పెన్ను పట్టుకుని కూర్చుని వుంటుంది. అలాంటి మనిషి స్క్రూడ్రైవరు పట్టుకుంటే వంక కాక మరేమనుకుంటాం?

మర్నాడు కాఫీలయ్యాక నన్ను కిందికి తీసుకెళ్లి చూపించింది. పేరు కింగ్స్ అండ్ క్వీన్స్. 1965లో గాట్లీబ్ కంపెనీవాళ్లు చికాగోలోనే చేశారు. మూడు వేలకి లోపే చేసి ఆపేశారు. 1975లో వచ్చిన 'టామీ' అనే సినిమాలో ఎల్టన్ జాన్ ఆడేది ఈ మోడలే. పేకముక్కల్లో వుండే రాజులూ రాణులే బొమ్మలు. బల్ల చూడగానే నాకు తెనాలిలో మా తాతయ్యగారింట్లో వుండే బగటెల్ బోర్డు గుర్తొచ్చింది. మీలో చాలామంది ఇళ్లల్లో వుండే వుంటుంది. పైభాగం గుండ్రంగా వుండే చెక్క, దానిమీద అర్ధచంద్రాకారంగా కొట్టిన మేకులు, గోలీల్లాంటి గుళ్లు. మేకుల బల్ల అనేవాళ్లం. వేసవి సెలవుల్లో దానికోసం నేనూ మా అన్నయ్యా జుట్లు పట్టుకునేవాళ్లం.

"ఇదీ అదేనే" అంది పిన్ని.

వరసకి అనలేదు. నిజంగానే అది దీని తాత. ఆ కథ ఫ్రాన్సులో మొదలవుతుంది. పదహారో లూయీ తమ్ముడు ఆర్త్వా ప్రభువు, వదినగారు మేరీ ఆంట్వానెట్‌తో పందెం కాసి 1777లో పారిస్ పక్కన 64 రోజుల్లో ఒక మేడ కట్టించాడు. దాని పేరు బగటెల్. అంటే ఫ్రెంచిలో పనికిమాలిన చిన్న వస్తువు అని అర్థం. మేడకి ఆ పేరేమిటో రాజులకే తెలియాలి. అక్కడి విందులో ఆడిన బల్ల ఆటకి కూడా ఆ పేరే వచ్చిందని చెబుతారు. బిలియర్డ్స్ కర్రలాంటి దాంతో బంతిని తోస్తే మేకుల మధ్యనుంచి దొర్లి గుంటల్లో పడాలి. ఇంగ్లండు చేరింది. డికెన్స్ 'పిక్విక్ పేపర్స్'లో సత్రంలో ఈ బల్ల కనిపిస్తుంది. అమెరికా చేరింది. 1864 ఎన్నికలప్పుడు లింకనుగారూ ఆయన ప్రత్యర్థీ బగటెల్ ఆడుతున్నట్టు కార్టూను వేశారు. 1871లో సిన్సినాటిలో వుండే మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనే ఆయన కర్ర తీసేసి స్ప్రింగు పిడి పెట్టి పేటెంటు తీసుకున్నాడు. పిన్ని మిషనుకి కుడిపక్కన వున్న పిడి అదే. నూట యాభై ఏళ్లు దాటింది, ఇంకెవరూ దానికన్నా మంచిది కనిపెట్టలేకపోయారు. పిన్‌బాల్‌లో 'పిన్' అంటే ఆ మేకులే.

ఇది రాజుల మేడలోంచి బడ్డీ కొట్టుకి రావడానికి కరువు కావలసి వచ్చింది. 1931లో అమెరికాలో ఉద్యోగాలు పోయి జనం రోడ్లమీద వున్నప్పుడు, డేవిడ్ గాట్లీబ్ చికాగోలో బాఫుల్ బాల్ అనే చిన్న మిషను చేశాడు. కౌంటరు మీద పెట్టుకునేంతది. ధర 17 డాలర్ల 50 సెంట్లు. ఒక్క పెన్నీ వేస్తే ఆడుకోవచ్చు. సినిమాకి కూడా డబ్బుల్లేనివాడికి పెన్నీలో కాసేపు కష్టం మర్చిపోయే వీలు. యాభై వేలు అమ్ముడుపోయాయంటారు. గాట్లీబ్ దగ్గర సరుకు తీసుకుని అమ్మే రేమండ్ మొలోనీ, అడిగినన్ని మిషన్లు రావడం లేదని విసుగెత్తి 1932లో తనే బాలీహూ అని ఒకటి చేశాడు. బాలీ కంపెనీకి ఆ పేరు దాన్నించే వచ్చింది. అలా చికాగో ఈ మిషన్లకి పుట్టిల్లయింది.

అప్పట్లో ఫ్లిప్పర్లు లేవు. గుండు వదిలామంటే ఇక మన చేతిలో ఏమీ వుండదు. మరి ఆడేవాళ్లు వూరుకుంటారా? బల్లని గుద్దడం, ఎత్తడం, వూపడం. హారీ విలియమ్స్ అనే ఆయన ఒకడు బల్ల అడుగున చేత్తో బాది గుండుని గుంటలోకి పడేయడం చూసి, వూపితే ఆట ఆగిపోయే ఏర్పాటు చేశాడు. దాన్నే 'టిల్ట్' అంటారు. పిన్ని మిషను లోపల ఒక మూల చిన్న ఇనప లోలకం వేలాడుతుంటే నేను వడ్రంగి తూకపు గుండు మర్చిపోయాడేమో అనుకుని తీసెయ్యబోయాను. పిన్ని చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

ఆడే పలకని కారు బానెట్‌లా పైకెత్తితే కనిపించే లోకం వేరు. పైన రాజులూ రాణులూ, కిందంతా తీగలే. రంగు రంగుల నూలు తొడుగు తీగలు, వందలు, పాయలు పాయలుగా కట్టిన జడల్లా ఆ మూలనించి ఈ మూలకి. కంప్యూటరు లేదు, చిప్పు లేదు. సన్నటి తీగ చుట్టిన కండెలుంటాయి, కాయిల్ అంటారు. దాన్లో కరెంటు పారితే అది అయస్కాంతమై ఇనప రేకుని లాగుతుంది. రేకు కదిలితే వెండి చుక్కలున్న రెండు ఆకులు కలుసుకుంటాయి. అవి కలుసుకుంటే ఇంకోచోట గంట కొట్టే కాయిల్ కదులుతుంది. యాభై పాయింట్లు రావాలంటే చిన్న మోటారు తిరిగి పది, పది, పది అని అయిదుసార్లు టకటకమని లెక్కపెడుతుంది. అచ్చు మా వీధి పచారీ కొట్టాయన వేళ్లమీద లెక్కపెట్టినట్టే.

సగం జబ్బు పాత గ్రీజుదేనట. ఏళ్ల తరబడి ఆడకపోతే అది ముదురు పాకంలా గట్టిపడి చక్రాల్ని పట్టేస్తుంది. స్పిరిటుతో తుడిస్తే వదులుతుంది. వెండి చుక్కల్ని గరుకు కాగితంతో రుద్దకూడదు, అరిగిపోతాయి. మధ్యలో విజిటింగ్ కార్డు దూర్చి మెల్లిగా లాగాలి. బాబాయి విజిటింగ్ కార్డులు ఇంకా రెండు డబ్బాలున్నాయి. పిన్ని వాటితోనే తుడుస్తోంది. మూడువారాలు ఆ కార్డులు లాగుతూ నేనూ కూర్చున్నాను. బాబాయి పేరు మీద నల్లటి గీతలు పడుతుంటే నాకు ఎలాగో వుండేది. పిన్ని మాత్రం "ఆయన వున్నన్నాళ్లూ ఇవి ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పటికి పనికొచ్చాయి" అంది.

ఇక పార్టుల వేట. రబ్బరు కట్లూ బల్బులూ సులువే, ఇప్పటికీ కొత్తవి అమ్ముతారు. ఒక కాయిల్ కాలిపోయింది. ప్రతి కాయిల్‌కీ చుట్టిన కాగితం మీద నంబరు వుంటుంది. దాన్నిబట్టి అడగాలి. కాయిల్‌తోపాటు కాగితమూ మాడిపోయింది. పార్టులమ్మే పెద్దాయనకి ఫోను చేస్తే, "ఎడమ పక్కదా? అయితే కుడి పక్కన దాని జోడీ వుంటుంది, దాని నంబరు చదవండి" అన్నాడు. చదివింది. వుందన్నాడు. డబ్బు కడతానంటే, "ఆగండి, అది ఎందుకు కాలిందో చూశారా? చూడకుండా కొత్తది వేస్తే అదీ కాలుతుంది. చూసి రేపు ఫోన్ చెయ్యండి" అని పెట్టేశాడు. అమ్మనన్న కొట్టువాణ్ణి నేను అదే చూడటం. తీరా చూస్తే ఒక స్విచ్చు అతుక్కుపోయి వుంది. కరెంటు ఆగకుండా పారి కాయిల్ మాడింది.

ఆ పెద్దాయన దగ్గరికి ఈ సరుకంతా ఎలా వచ్చిందనుకున్నారు? గాట్లీబ్ కంపెనీ చేతులు మారి మారి 1996లో మూతపడింది. విలియమ్స్‌వాళ్లు 1999లో పిన్‌బాల్ చెయ్యడం మానేశారు. ఇలా మూతపడ్డ కంపెనీల గోడౌన్లలో మిగిలిన డబ్బాలు కొన్ని పిచ్చి వున్నవాళ్లు కొని దాచారు. కొందరు పాతవాటిని చూసి కొత్త ప్లాస్టిక్ ముక్కలు పోతపోశారు. కొన్ని సముద్రం దాటి వెనక్కి వస్తున్నాయి. ఒకప్పుడు ఫ్రాన్సుకీ ఇటలీకీ ఓడల్లో ఎన్నో మిషన్లు వెళ్లాయి. ఫ్రెంచివాళ్లు ఈ ఆటని ఫ్లిప్పర్ అనే పిలుస్తారు. మొత్తానికి ఎక్కువ పార్టులు దొరికేది చచ్చిపోయిన మిషన్లలోనే. ఒకటి బతకాలంటే ఇంకొకటి చావాలి.

చావడానికేం కొదవ లేదు. కొన్నేళ్లు డబ్బు సంపాదించి పెట్టాక వీధిలో పారేసినవి ఎన్నో. 1970ల చివర చిప్పులొచ్చాక తీగల మిషన్లని అడిగే దిక్కు లేదు. అంతకుముందు తరంవాటినైతే పనిగట్టుకుని చంపారు. మొదట్లో కొన్ని మిషన్లు గెలిచినవాడికి నాణాలు కక్కేవి. అందుకని ఇది జూదమనీ, బడి పిల్లల టిఫిను డబ్బులు కాజేస్తోందనీ గోల. 1942 జనవరిలో న్యూయార్కు మేయరు లాగార్డియా నిషేధం పెట్టి పోలీసుల్ని పంపాడు. వేల మిషన్లు పట్టుకుని సుత్తులతో పగలగొట్టారు. మేయరుగారే సుత్తి పుచ్చుకుని ఫోటో దిగాడు. నన్నడిగితే ఆయన్ని పూర్తిగా తప్పుపట్టను. మొగుడు జీతం పట్టుకుని దారిలో ఎక్కడ ఆగుతాడోనని గుమ్మంలో నిలబడ్డ ఇల్లాళ్లు అక్కడా వుండే వుంటారు.

అదే సమయంలో యుద్ధం. ఇనుమూ రాగీ తీగా అన్నీ సైన్యానికే. చికాగో ఫ్యాక్టరీలు పిన్‌బాల్ ఆపి యుద్ధ సామగ్రి చేశాయి. అప్పుడేం చేశారో తెలుసా? పాత మిషన్లని తెచ్చి, లోపలి యంత్రం అలాగే వుంచి, కొత్త బొమ్మా కొత్త పేరూ పెట్టి మళ్లీ అమ్మారు. పాత పట్టుచీరకి కొత్త అంచు వేసినట్టు. పార్టులు దొరక్కపోవడం, వున్నదాంతో సర్దుకోవడం ఇవాళ పిన్నితో మొదలయింది కాదు.

యుద్ధమయ్యాక 1947లో గాట్లీబ్ కంపెనీలో హారీ మాబ్స్ అనే ఆయన మొదటిసారి కరెంటుతో తన్నే ఫ్లిప్పర్లు పెట్టాడు. మిషను పేరు హంప్టీ డంప్టీ. మన పిల్లలు కాన్వెంటులో నేర్చుకునే ఆ గోడమీది గుడ్డే. ఒకటి కాదు, రెండు కాదు, ఆరు రెక్కలు. మర్నాడే అన్నట్టు 1948లో స్టీవ్ కోర్డెక్ ఇంకో కంపెనీలో రెండే రెక్కలు చాలని తేల్చి, వాటిని అడుగున పెట్టాడు. అప్పటికి గాని ఆటలో అదృష్టం తగ్గి చెయ్యి వచ్చింది. అయినా నిషేధం పోలేదు. చికాగో సంగతి మరీ చోద్యం. దేశమంతటికీ పిన్‌బాల్ చేసి పంపే వూరు, తన వూళ్లో మాత్రం 1970ల రెండో సగం వచ్చేదాకా ఆడనివ్వలేదు. న్యూయార్కులో 1976లో నిషేధం ఎత్తెయ్యమని అడిగితే, ఇది చేతి నేర్పేనని రుజువు చెయ్యమన్నారు. రోజర్ షార్ప్ అనే కుర్రాడు కౌన్సిల్‌వాళ్ల ముందుకి మిషను తెచ్చుకున్నాడు. వాళ్లకి అనుమానం, అది కాదు, పక్కన అవసరానికని తెచ్చిన రెండోదాని మీద ఆడమన్నారు. అతను ఆడి, చివరికి స్ప్రింగు పిడి లాగి, "ఇప్పుడు గుండు మధ్య దారిలోంచి వస్తుంది" అని చెప్పి వదిలాడు. మధ్య దారిలోంచే వచ్చింది. నిషేధం పోయింది.

అన్నట్టు, పిన్ని వుండే చోటికి దగ్గర్లోనే మెల్‌రోజ్ పార్కులో గాట్లీబ్ కుటుంబం పెట్టిన ఆస్పత్రి వుంది, 1961లో తెరిచారు. జనం వేసిన పెన్నీలు ఎక్కడికి పోయాయో అనుకుంటాం.

ఇక అసలు చిక్కు దగ్గరికి వస్తాను. ఎలకలు. వాడకుండా మూసి పెట్టినన్నాళ్లలో లోపల కాపురం పెట్టి, తీగల జడని ఒక మూర పొడవున కొరికి పారేశాయి. ఏ తీగ ఎక్కడికి పోతుందో చెప్పే పెద్ద మడతల కాగితం పెట్టెలో అడుగున వుండేదట, దాన్నీ పక్క వేసుకున్నాయి. కాగితం నకలు కొన్నాం. తీగల జడ మాత్రం ఎవరూ అమ్మరు. చేసేవాళ్లూ లేరు. తీగ తీగకీ రంగు, రంగు మీద ఇంకో రంగు గీత. ఏ రెండూ కలపకూడదు.

అక్టోబరులో చికాగో దగ్గర పిన్‌బాల్ ఎక్స్‌పో జరుగుతుంది. 1985 నుంచీ జరుగుతున్న సంత అది. పిన్నీ నేనూ వెళ్లాం. పెద్ద హాలు, వందల గుళ్ల చప్పుడు. మగవాళ్లే ఎక్కువ. నేను చీర కట్టుకు వెళ్లానేమో, దారి ఇచ్చి మరీ చూశారు. పిన్ని ఆడే మిషన్ల వైపు కన్నెత్తలేదు. సరాసరి పాత సామాను అమ్మేచోటికి పోయి, చెక్క పుచ్చిపోయి మొండెంలా వున్న ఒక గాట్లీబ్ మిషను పలక ముందు మోకాళ్లమీద కూర్చుంది. తీగలన్నీ వేళ్లతో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఎలక ముట్టలేదు" అంది. 60 డాలర్లన్నాడు. పిన్ని 30 అంది. తెనాలి సంతలో ములక్కాడలు బేరమాడినట్టు ఆడి 40కి తెచ్చింది.

ఇంటికొచ్చి పని మొదలెట్టింది. చచ్చిన మిషను తీగలు ఒక్కొక్కటీ రంగు చూసి విప్పడం, కొరికిన చోట అతకడం. సోల్డరింగ్ ఇనుము అట్లకాడ పట్టుకున్నంత తేలిగ్గా పట్టుకుంది. బొట్టు పెట్టినంత సీసం, అంతకి మించి పడదు. అతకడమయ్యాక మైనం రాసిన దారం తీసి తీగలన్నీ కలిపి జడ కట్టడం మొదలెట్టింది. దారం చుట్టూ తిప్పి, లోపల్నించి దూర్చి, లాగి ముడి. ఒక అంగుళం వదిలి మళ్లీ ముడి. చూడకుండా కడుతోంది. నాతో మాట్లాడుతూనే కడుతోంది.

"బాబాయి నేర్పాడా?" అన్నాను.

పిన్ని నవ్వింది. "మీ బాబాయికి ఫ్యూజు వెయ్యడం కూడా రాదే. సివిల్ ఇంజనీరు."

ఆ తరవాత కాసేపు ముడులే వేసింది. 1974లో, వాళ్లు వచ్చిన ఏడాదికే, బాబాయి వుద్యోగం పోయిందట. అప్పుడు అమెరికాలో పెద్ద మాంద్యం, ఎవరూ భవనాలు కట్టడం లేదు. పధ్నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. పిన్ని గుంటూరులో బి.ఎ. చదివింది. ఆ బి.ఎ. అక్కడ ఎవరికీ అక్కర్లేదు. రెండు బస్సులు మారి ఒక ఫ్యాక్టరీకి వెళ్లింది. అక్కడ పొడుగ్గా బల్లలు, బల్ల నిండా మేకులు. మేకుల మధ్యనుంచి ముగ్గు పెట్టినట్టు ఒక్కో తీగా పరుచుకుంటూ పోవాలి, చివరికి దారంతో కట్టి ఎత్తి ఇవ్వాలి. అది ఏ మిషన్లోకి పోతుందో వీళ్లకి చెప్పేవాళ్లు కారు. టెలిఫోనో, బట్టలుతికే మిషనో. బల్లకిద్దరు చొప్పున అందరూ ఆడవాళ్లే, పోలండు వాళ్లు, మెక్సికో వాళ్లు, నల్లవాళ్లు. ఒక పోలండు ముసలావిడ ముడి నేర్పింది.

"మొదటిరోజు ఆ బల్ల చూసి మన బగటెల్ బోర్డు అనుకున్నానే. నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నావని అడిగితే చెప్పడానికి ఇంగ్లీషు రాలేదు. మూడో రోజుకి వాళ్లకన్నా తొందరగా కట్టేదాన్ని. మల్లెపూలు కట్టిన చెయ్యి కదా."

గాట్లీబ్‌లోనూ బాలీలోనూ కూడా ఈ తీగల పని ఇలాగే జరిగేది, చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. ఆ రోజుల ఫ్యాక్టరీ ఫోటోల్లో వరసగా కూర్చుని కనిపిస్తారు. మిషను ఎవరు రూపం కట్టారో పుస్తకాల్లో వుంది. గాట్లీబ్ అద్దాలమీద ఏళ్ల తరబడి బొమ్మలు గీసిన రాయ్ పార్కర్ పేరు ఆ సంతలో ప్రతివాడూ చెబుతాడు. పిన్ని ముందున్న జడని 1965లో కట్టినదెవరో ఏ పుస్తకంలోనూ లేదు. ఎలకలు వదిలేసిన చోట పాత ముడులు అలాగే వున్నాయి. పిన్ని వాటిని చూపించి, "ఈ మనిషి ఎడమచేతి వాటం. చూడు, ముడి అటు తిరిగింది" అంది.

"మరి ఆఫీసు వుద్యోగం?" అన్నాను.

"నాన్నగారికి కూతురు కూలిపని చేస్తోందని ఎలా రాస్తాను? రేడియో కంపెనీ ఆఫీసులో అని రాశాను. ఆయన కోర్టులో ప్లీడర్లందరికీ చెప్పుకుని, ఆఫీసులో కూర్చున్న ఫోటో పంపమన్నారు."

"అయితే ఆ ఫోటో..."

"లైబ్రరీలోది. మీ బాబాయి తీశారు. పెన్ను కూడా ఆయనదే. తీస్తూ తీస్తూ ఏడ్చేశారు పాపం. అందుకే కొంచెం కదిలింది."

కదిలిందన్న సంగతి నాకు తెలుసు. అమ్మ ఆ మసకని చూపించి, అమెరికాలో కెమెరాలు కూడా ఇంతేనన్నమాట, అనేది.

నేను బయల్దేరే ముందు శుక్రవారం సాయంత్రం కరెంటు పెట్టాం. ముందు లోపల ఏదో బరువుగా మూలిగింది. తరవాత అంకెల చక్రాలు ఒక్కొక్కటిగా కదిలి టకటకమని సున్నాల దగ్గరికి వచ్చి ఆగాయి. దీపాలు వెలిగాయి, ఒకటి తప్ప. పిన్ని పిడి లాగి వదిలింది. మొదటి గుండు సూటిగా గోతిలోకి పోయింది. "ఆడటం రాదే నాకు" అంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆడలేదట. డల్లాస్ నుంచి తమ్ముడు ఫోన్లో గంటల చప్పుడు విని, "అమ్మా, అదేనా? నిజంగా అదేనా?" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. ఇల్లు అమ్మే మాట ఆ పూటకి ఎత్తలేదు.

అద్దం మీద రాణి మొహం మాత్రం సగం లేదు. అద్దం వెనకవైపు వేసే రంగు అది, దీపాల వేడికి పెచ్చులూడిపోయింది. కొత్తగా అచ్చువేసిన అద్దాలు చేసేవాళ్లున్నారు గాని, పిన్నికి పాతదే కావాలట. వెతుకుతోంది.

విమానాశ్రయంలో, ఇదంతా రాయనా పిన్నీ అని అడిగాను. రాస్తే అమ్మ చదువుతుంది అని కూడా చెప్పాను. పిన్ని నా సంచీ జిప్పు సరిచేస్తూ, "రాయి. అక్కయ్యకి ఆ పత్రిక ఒకటి నువ్వే తీసుకెళ్లి ఇవ్వు. ఫోటో పక్కన పెట్టుకోమను" అంది.